గోరుకు తగలని అంచు

"నువ్వేసిన రంగే, వచ్చి చూడు" అన్నాడు ఫోన్లో చిన్నోబయ్య.
ఇంకేమీ అనలేదు.

జమ్మలమడుగు బైపాసులో లారీలకు రంగులేసేవాణ్ణి,
పడవ నాకు చుట్టం కాదు.
మైలవరం డ్యాం గట్టుమీద
నాలుగు పాత టైర్ల మీద బోర్లా పడుకోనుంది
ఫైబరు పడవ,
కడుపు ఎండకు పెట్టి.

నా చెయ్యి పట్టుకపోయి దాని పొట్టమీద పెట్టినాడు.
బొబ్బలు.
అలసందగింజంతవి, చింతగింజంతవి,
ఒకటైతే రూపాయి బిళ్ళంత.

ఉలిమొనతో పొడిస్తే ఒక చుక్క.
వాసన చూస్తే పులుపు.
మా ఊర్లో బోరు ఆరువందల అడుగులు దిగి
తెల్లదుమ్ము కక్కింది,
ఇక్కడ వెంట్రుకమందం రంగు కింద
పిలవని నీళ్ళు
కాపురం పెట్టుకోనున్నాయి.

"నీళ్ళలో తిరిగేదానికి నీళ్ళు పట్టవా" అన్నా.
ఓబయ్య తలూపినాడు,
నా మొగం చూడకుండా.

ఎనభై నంబరు కాగితంతో గీకడం మొదలుపెట్టినా.
నీలం లేచింది.
దానికింద బూడిదరంగు ప్రైమరు
ఉడికిన గుడ్డు పెంకు మాదిరి
పెచ్చులు పెచ్చులుగా చేతికొచ్చింది.
మంచి ప్రైమరు అట్ల రాదు.
బతిమాలినా రాదు.

పోయిన మార్గశిరం.
పొద్దన్నే గట్టుమీద మంచు,
పడవ ఒంటిమీద సన్నగా చెమట.
"మామా, రోంత ఎండ పడనీ" అన్నాడు మేనల్లుడు ఖాజా.
ప్రొద్దుటూరులో ఇంకో లారీ కాచుకోనుంది,
అడ్వాన్సు అప్పుడే అయిపోయింది.
గుడ్డతో ఒక తుడుపు తుడిచి గన్ను పట్టినా.
ఆ తడిమీద మూతపెట్టింది నేనే.

ఈసారి కాచుకున్నా.
మంచినీళ్ళతో కడిగి, బొబ్బలన్నీ విప్పి
గండికోట దిక్కునుంచి వచ్చే గాలికి వదిలేసినా.
రాత్రి ప్లాస్టిక్ కాగితం పరిచి
నాలుగంచులా టేపు అంటించినా.
తెల్లారి చూస్తే లోపల ఆవిరి.
ఇంకో రోజు.
మళ్ళా ఆవిరి.
ఇంకో నాలుగు రోజులు.
షాపునుంచి ఫోన్లు, ఎత్తలేదు.

ఆరోనాడు కాగితం పొడిగా లేచింది.

పుట్టీ కలిపితే మన ఎండకు గిన్నెలోనే రాయి.
మొదటి గిన్నె పారేసినా, రెండోదీ.
మూడోసారి చెంచాడంత కలిపి
ఒక గుంత పూడ్చి, మళ్ళా చెంచాడు.
ఆరినాక నీళ్ళ కాగితంతో రుద్దతా రుద్దతా
ఖాజాను కండ్లు మూసుకోమన్నా.
"పాతది యాడ ఆగింది, కొత్తది యాడ మొదలైంది?"
వాడి గోరు జారుకుంటా పోయింది, యాడా నిలబడలేదు.
కండ్లు అబద్ధమాడతాయి,
నాకు పని నేర్పిన హుసేనప్ప
గోరునే నమ్మేవాడు.

అంతా అయినాక ఖాజా
నూనె రాసుకున్న తల గోక్కోని, అదే చేత్తో పడవను నిమిరినాడు.
ఆ జాగాలో ప్రైమరు నిలవలేదు,
గుండ్రంగా పక్కకు జరిగి కండ్లు తెరిచింది.
"చేపకండ్లు అంటారు వీటిని" అన్నా కోపంగా.
"వారమయింది చేప మొగం చూసి"
పడీపడీ నవ్వినాడు ఓబయ్య.
తుడిచి, గీకి, మళ్ళా మొదలు.

డబ్బులు లెక్కపెడతాంటే చెప్పేసినా.
"పోయినసారి తడిమీదనే కొట్టినా, ఓబయ్యా."
"తెలుసు.
ఆ పొద్దు నేను గట్టుమీద పండ్లు తోముకుంటా చూస్తానే ఉంటి."
"మరి నన్నే ఎందుకు పిలిచినావ్?"
"తప్పు యాడుందో తెలిసినోడివి నువ్వొక్కడివే గదప్పా."

సగం నోట్లు తిరిగి ఇచ్చినా.
లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు,
వద్దని ఒక్క మాట కూడా అనలేదు.

రంగు మాత్రం కలవలేదు.
పైన వెలిసిన నీలం, కింద పచ్చి నీలం,
నడుమ గీత గీసినట్టే ఉంది.
"ఎండే కలుపుతాది లే, ఎక్కు" అన్నాడు.
నాకు ఈత రాదు.
ఖాజా ఎగిరి కూచున్నాడు.

పడవ నీళ్ళలోకి జారి
ఆ గీతదాకా మునిగింది.
నేను గట్టుమీదే నిలబడి
గోట్లో ఇరుక్కున్న బూడిదరంగును
పుల్లతో తీసుకుంటా ఉన్నా.